ఉడుములదొడ్డిలో ఏముండాది?

ఉడుములదొడ్డి హైస్కూలు నుంచి ఎవరినైనా ట్రైనింగుకు పంపమని పైనుంచి కబురొస్తే మగ టీచర్ల పేర్లే పోయేవి. సోషల్ చెప్పే సుచరిత టీచరు పేరు ఒక్కసారి కూడా పోలేదు. అడ్డం పడింది ఎవరో పగవాడు కాదు. ఆమె మేలు కోరే హెడ్మాస్టరు నరసింహ సారే. "మీకెందుకు మేడం ఆ తిప్పలు? కర్నూలుకు పోవల్ల, రావల్ల, ఇంట్లో వంట ఉంటాది. హాయిగా ఈడనే ఉండండి" అనేవాడు.

ఆ హాయి ఎట్లాంటిదో చెప్తాను. పొద్దున బడికి రాగానే మరుగుదొడ్ల ఫోటోలు తీసి ఫోన్లో పైకి పంపాలి. మధ్యాహ్నం కోడిగుడ్ల ఫోటోలు. అన్నం తిన్నాక మళ్లీ మరుగుదొడ్లు. మిగతా టీచర్లకు ఫోటోలు తీయడం రాదా అంటే, వస్తుంది గానీ వాళ్ల ఫోన్లలో చోటు లేదంట. ఒకసారి తొందరలో సుచరిత టీచరు గుడ్ల ఫోటోను మరుగుదొడ్డి గడిలో పెట్టి పంపింది. "శుభ్రంగా ఉంది, అభినందనలు" అని జవాబొచ్చింది. ఆరోజు స్టాఫ్‌రూమంతా నవ్వింది. ఆమే ఎక్కువ నవ్వింది. నవ్వి, మరుసటి పొద్దున మళ్లీ మరుగుదొడ్ల కాడికే పోయింది.

ఏం చెప్పినా "సరే సార్" అంటుందని పిల్లలు ఆమెకు "సరే టీచరు" అని పేరు పెట్టినారు. ఆ పేరు ఆమెకూ తెలుసు. దానికీ సరే అనుకుంది.

సుచరిత పుట్టిల్లు కోయిలకుంట్ల. తండ్రి లక్ష్మీనరసయ్యకు బట్టల అంగడి. ఒక ముక్క చూపించమంటే పది తానులు విప్పి పరిచే రకం. అత్తగారిల్లు పత్తికొండ, మొగుడిది కిరాణా అంగడి. పొద్దున పత్తికొండ నుంచి ఉడుములదొడ్డికి పోయే ఆటోలో ఖాళీ టమోటా బాక్సుల మధ్య ఒదిగి కూచుంటుంది. సాయంత్రం నిండు బాక్సుల మధ్య తిరిగొస్తుంది. చీర కొంగుకు టమోటా మరక లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు.

ఇట్లుండగా ఈమధ్య ఒక ట్రైనింగు వచ్చింది. దానికి ప్రయాణ ఖర్చులు లేవు, మధ్యాహ్నం బిర్యానీ లేదు, సంచీ లేదు, పెన్ను లేదు. అంతా ఫోన్లోనే. సాయంత్రం పూట ఎవరింట్లో వాళ్లు కూచుని వినాలి. మగ టీచర్లకు ఒకేసారి అందరికీ పనులు తగిలినాయి. "మేడం, ఈసారి మీకే అవకాశం" అన్నాడు నరసింహ సారు, ఏదో పదవి ఇస్తున్నట్టు.

"సరే సార్."

మొగుడి అంగట్లో తక్కెడ పక్కన బెల్లం డబ్బాకు ఫోను ఆనించి వినేది. కందిబేడలకు వచ్చినవాళ్లు వంగి చూసేవాళ్లు.

"ఏమక్కా, సీరియలా?"

"లేదప్పా, బడి."

"నీకు బడేంది, నువ్వే టీచరమ్మ గదా!"

"అదే నేర్చుకుంటాండా, టీచరు ఎట్ల నోరు మూసుకోవల్లో."

అబద్ధం కాదు. ఆ ట్రైనింగులో చెప్పిందదే. ప్రశ్న పిల్లలే ఎంచుకోవాలి, పిల్లలే తిరిగి జవాబు వెతకాలి, ఏదో ఒకటి తయారుచేసి ఊరికి చూపించాలి, దానికి ప్రాజెక్టు అని పేరు. టీచరు పక్కన ఉండాలి, ముందు నడవకూడదు. దానికి పనికొచ్చే వస్తువులన్నీ ఫోన్లోనే ఊరకే దొరుకుతాయి. పదిమంది పది చోట్ల నుంచి ఒకే కాగితం మీద రాసుకోవచ్చు. ఊరి మ్యాపు తెరిచి ఏది యాడ ఉందో గుర్తు గుచ్చొచ్చు. టైపు చేయడం రాకపోతే మైకు గుర్తు నొక్కి మాట్లాడితే ఫోనే తెలుగులో రాసిపెడుతుంది. సుచరితకు నోరు తెరుచుకుపోయింది. ఇన్నాళ్లు ఈ ఫోనుతో తాను మరుగుదొడ్లు మాత్రమే చూపించింది గదా అనుకుంది.

మరుసటి రోజు తొమ్మిదో తరగతికి పోయి, "మీకేం తెలుసుకోవాలనుంది?" అని అడిగింది.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతకుముందెవరూ అట్లా అడిగిన పాపాన పోలేదు. చివరికి పరమేష్ లేచినాడు. "పరీక్షలో వస్తాదా టీచర్?"

"రాదు."

"మార్కులుంటాయా?"

"ఉండవు."

"మరి ఎందుకు టీచర్?"

దానికి పెద్ద ఉపన్యాసమే ఆమె గొంతుదాకా వచ్చింది. మింగేసింది. ఆ మింగడమే ఆమె చేసిన మొదటి ప్రాజెక్టు అని చెప్పొచ్చు.

అప్పుడు శివజ్యోతి చెయ్యెత్తింది. అమ్మానాన్నలు కూలికి పోతే తాత దేవేంద్రప్పను చూసుకుంటూ బడికొచ్చే పిల్ల. "టీచర్, ఆ గదిలో ఏముండాది?" అని కిటికీలోంచి చూపించింది.

అది కంప్యూటర్ల గది. గోడ మీద పెద్ద అక్షరాలతో పేరుంది. ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించినారు, ఫోటో దిగినారు, తాళం వేసినారు. ఆ తర్వాత పిల్లలు చూసింది తాళంకప్పనే. "కంప్యూటర్లు ఎప్పుడో పోయినాయి, ఇప్పుడు ఉడుములుండాయి. ఊరి పేరు నిలబెట్టల్ల గదా" అని పరమేష్ వాదన.

సుచరిత పోయి తాళంచెవి అడిగింది. నరసింహ సారు జోబీ మీద చెయ్యేసుకున్నాడు.

"మేడం, మన ఎర్రదుమ్ము సంగతి మీకు తెలుసు. అది లోపలికి పోతే కంప్యూటరుకు దమ్ము, ఆయాసం వస్తాది. పాడైతే నా జీతంలో కోస్తారు. నేను రిటైరయ్యేదాకా అవి పాడు కాకుంటే చాలు." మనిషి చెడ్డవాడు కాదు, భయస్తుడు. మన బడుల్లో సగం తాళాలు దొంగలకు భయపడి వేసినవి కావు, ఆడిట్‌కు భయపడి వేసినవి. ఆమె మొహం చూసి కొంచెం మెత్తబడి ఇంకో మాటన్నాడు. "పత్తికొండలో మండలం బళ్ల ప్రదర్శన ఉండాది గదా. పిల్లోళ్లతో ఏదో చేయించండి. మన బడికి మంచి పేరొస్తే గది తెరుస్తా. పేరు చెడితే మాత్రం ఈ ప్రాజెక్టు గీజెక్టు అన్నీ బంద్."

"సరే సార్" అంది. ఈసారి పిల్లలు కూడా ఆమె వెనక నిలబడి "సరే సార్" అన్నారు.

గదిలో ఏముందో చూడనీకపోతే ఊర్లో ఏముందో చూద్దామని పిల్లలే తీర్మానించుకున్నారు. ప్రాజెక్టు పేరు శివజ్యోతి పెట్టింది: మా ఊర్లో ఏముండాది? ఇల్లిల్లూ తిరిగి పెద్దవాళ్లను అడగాలి, వాళ్ల మాట ఫోనుకు వినిపించాలి, మ్యాపులో గుర్తు గుచ్చాలి.

ఫోన్ల కాడ చిక్కొచ్చింది. మగపిల్లలకు ఇంట్లో ఫోను ఎప్పుడడిగినా దొరుకుతుంది. ఆడపిల్లల చేతికి అన్నలు చూసి, తమ్ముళ్లు ఆడి, చార్జింగు ఎర్రగీతకొచ్చినాక వస్తుంది. అందుకే ఆడపిల్లలు పరుగెత్తి పని చేసినారు. ప్రశ్న అడగడం, ఫోను మూతి దగ్గర పెట్టడం, పంపడం. తిరిగి చదువుకునే లోపల ఫోను ఆరిపోయేది.

శివజ్యోతి మొదట తాతనే పట్టుకుంది.

"తాతా, ఊర్లో నీళ్ల ట్యాంకి ఉండాదా?"

"ఉండాది. యాడికి పోతాది?"

"గట్టిగా చెప్పు, ఫోను రాసుకుంటాది."

"దానికి చెవుడా?"

"మన మాట కొత్త దానికి."

"అయితే రాసుకోమను. ట్యాంకి ఉండాది. ఎక్కనీకె నిచ్చెన ఉండాది. నీళ్ల సంగతి మాత్రం అడగొద్దు, నాకు కోపమొస్తాది."

పక్కింటి రామేశ్వరమ్మ చేట పక్కన పెట్టి తానే వచ్చింది. "నేను చెప్పేది రాయండి. బడి ఎనకాల సందులో బెల్టు షాపు ఉండాది. మా ఆయప్పను మ్యాపులో యాడ గుచ్చాలంటే ఆడనే గుచ్చండి, తప్పు పోదు."

"ఇంకా ఏముండాది అత్తా?"

"కుక్కలు శానా ఉండాయి."

అట్లా ఊరంతా తిరిగినారు. సుచరిత టీచరు ఆ కాగితమంతా ఫోన్లో చదువుకుని మురిసిపోయింది. నరసింహ సారు కళ్లద్దాలు పెట్టుకుని పై నాలుగు లైన్లు చదివి, "బాగుండాది" అన్నాడు. పత్తికొండలో ఫ్లెక్సీ వేయించి బడికి తెచ్చినారు. దాన్ని చుట్టి ఆటోలో టమోటా బాక్సుల మీద అడ్డంగా పెట్టుకుని ప్రదర్శనకు పోయినారు.

ప్రదర్శనలో ఎప్పటి మాదిరే అన్ని బళ్లవాళ్లు అగ్నిపర్వతాలు తెచ్చినారు. మట్టి కొండ, లోపల వంటసోడా, పైన నిమ్మరసం. పత్తికొండ మండలంలో వాన కంటే లావా ఎక్కువ పారింది ఆరోజు. ఉడుములదొడ్డి పిల్లలు మాత్రం ఫ్లెక్సీ కట్టి, పొద్దున తిన్న ఉగ్గాని ఇంకా పళ్లల్లో ఉండగానే, చేతులు కట్టుకుని నిలబడినారు.

చూడ్డానికొచ్చిన ఆఫీసరు ఈ జిల్లాకు కొత్త. సీమ మాట ఆయన చెవికింకా ఎక్కలేదు. ఫ్లెక్సీ ముందు ఆగి గట్టిగా చదివినాడు.

"మా ఊర్లో ఏముండాలి? బాగుందే! నీళ్ల ట్యాంకు ఉండాలి. సరే. నిచ్చెన ఉండాలి. సరే. కుక్కల సేన ఉండాలి..." ఆయన ఆగి పిల్లల మొహాలు చూసినాడు. "బడి వెనక సందులో బెల్టు షాపు ఉండాలి? ఏం బాబూ, మీకెందుకయ్యా బెల్టు షాపు?"

పరమేష్ ముందుకొచ్చినాడు. "మాకెందుకు సార్? ఉండాది సార్."

"అదే, ఎందుకుండాలి?"

"ఉండాలని కాదు సార్, ఉండాది."

"ఉండాలనే కదా రాశారు!"

"రాసింది మేం కాదు సార్, ఫోను. మాకు కావల్లంటే ఉండల్ల అంటాం సార్. ఇది ఉండల్ల కాదు సార్, ఉండాది."

"అంటే ఉండాలా, వద్దా?"

"వద్దు సార్! కానీ ఉండాది!"

అప్పుడు అందరూ తిరిగి ఫ్లెక్సీ చదివినారు. జరిగింది ఇదీ. ఉడుములదొడ్డివాళ్లు "ఉంది" అనడానికి "ఉండాది" అన్నారు. ఫోను ఆ మాట తనకు తెలియదు కాబట్టి, దగ్గర్లో ఉన్న "ఉండాలి" రాసిపెట్టింది. "శానా" అంటే "సేన" అనుకుంది. ఊరంతా ఉన్నవాటి పట్టీ చెబితే అది కోరికల పట్టీగా దిగింది. మరి టీచరు చదివింది, హెడ్మాస్టరు చదివినాడు, ఎవరికీ ఎందుకు కనబడలేదు? వాళ్లందరూ ఈ నేలవాళ్లే. ఏది రాసున్నా లోపల "ఉండాది" అనే చదువుకున్నారు. చెవికి అలవాటైన మాటే కంటికీ కనబడింది.

ఆఫీసరు ఇంకా కిందికి చదువుతున్నాడు. "బడిలో కంప్యూటర్ల గది ఉండాలి. గదికి తాళం ఉండాలి. తాళంచెవి నరసింహ సారు జోబీలో ఉండాలి."

నరసింహ సారు చెయ్యి దానంతట అదే జోబీ మీదికి పోయింది.

"మీ బడికి కంప్యూటర్లు ఇచ్చారు కదా? లిస్టులో ఉంది" అన్నాడు ఆఫీసరు.

శివజ్యోతి ఒక అడుగు ముందుకేసింది. "ఇచ్చినారు సార్. గది ఉండాది, తాళం ఉండాది, తాళంచెవి ఆడ ఉండాది" అని వేలు పెట్టి చూపించింది. "లోపల ఏముండాదో మాకు తెలీదు సార్. అదే మేం మొదట అడిగిన ప్రశ్న."

పక్క బడి అగ్నిపర్వతం కూడా పొంగడం ఆపింది. ఆఫీసరు నవ్వినాడు. "మాస్టారూ, తెరుస్తారా?"

"త్వరలో సార్, తప్పకుండా."

"మంచిది" అని ఆయన తర్వాతి అగ్నిపర్వతం కాడికి పోయినాడు. త్వరలో అనే మాటకు మన దేశంలో ఉన్నంత ఆయుష్షు ఇంకే మాటకూ లేదు. అది విని ఆఫీసర్లు సంతోషంగా వెళ్లిపోతారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నరసింహ సారు జోబీ మీది నుంచి చెయ్యి తీయలేదు. బడి ముందు దిగినాక మొదలుపెట్టినాడు. "మండలమంతా నవ్వింది మేడం! పిల్లోళ్లు బెల్టు షాపు అడుగుతాండారని రేపు పేపర్లో వేస్తారు. నేను చెప్పినా గదా? పేరు చెడితే బంద్ అని. బంద్. రేపటి నుంచి పాఠాలు చెప్పుకోండి."

పిల్లలు సుచరిత టీచరు నోటి వైపు చూసినారు. ఆ రెండు మాటలు ఎప్పుడు పడతాయా అని. పడలేదు.

"సార్, చెడింది పిల్లోళ్ల పేరు కాదు, తాళం పేరు" అంది. "వాళ్లు ఒక ప్రశ్న అడిగినారు. జవాబు మీ జోబీలో ఉండాది. ఇయ్యండి."

"రేపు చూద్దాం మేడం."

"ఇప్పుడు చూద్దాం సార్."

"పాడైతే? నా జీతం..."

"పాడైతే నేను సంతకం పెడతా, పిల్లోళ్లు పాడు చేసినారని కాదు, నేర్చుకుంటాంటే పాడైందని. అట్ల రాసిన కాగితానికి ఎవరు జీతం కోస్తారో నేనూ చూస్తా." చెయ్యి చాపి నిలబడింది. తానులు విప్పి పరిచిన తండ్రి కూతురు, బేరం తెగేదాకా అంగడి దిగే రకం కాదని ఆరోజు ఉడుములదొడ్డికి తెలిసింది.

నరసింహ సారు ఆటో అతని వైపు చూసినాడు. పిల్లల వైపు చూసినాడు. ఎవరూ కదల్లేదు. చివరికి జోబీలో చెయ్యి పెట్టి తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టినాడు, పసిబిడ్డను అప్పగించినట్టు.

తాళం తుప్పు పట్టి తిరగలేదు. వంట గదిలోంచి శనగనూనె తెచ్చి పోసినారు. తలుపు తెరిస్తే లోపల ఉడుములు లేవు, పరమేష్‌కు అదొక్కటే వెలితి. కంప్యూటర్లు కప్పిన కవర్లతోనే ఉన్నాయి. ఒక కీబోర్డు కింద ఎలుక పిల్లలను పెట్టింది. ఒక మిషను వైర్లు కొరికేసింది. అంత జాగ్రత్తగా మూసిన గదిలో ఎర్రదుమ్ము వేలెడు మందం.

"ముట్టుకోకుండానే పాడైందే!" అన్నాడు నరసింహ సారు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది.

కొన్ని వెలిగినాయి. కొన్ని వెలగలేదు. వెలిగిన వాటి ముందు పిల్లలు ముగ్గురు ముగ్గురు కూచుని, టీచరు ఫోను నుంచి నెట్టు కలుపుకుని, మొదట చేసిన పని ఆ కాగితం తెరిచి తప్పు దిద్దడం. అక్కడ పెద్ద తగాదా వచ్చింది. అన్ని "ఉండాలి"లనూ "ఉండాది" చేసేద్దామని పరమేష్. "ఆగప్పా, కొన్ని నిజంగానే ఉండల్ల గదా" అని శివజ్యోతి. సుచరిత టీచరు నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, బయట గుమ్మం మీద కూచుంది. చివరికి పిల్లలు కాగితాన్ని మూడు వరసలు చేసినారు: ఉండాది, ఉండల్ల, ఉండగూడదు. ట్యాంకి మొదటి వరసలోకి, దాంట్లో నీళ్లు రెండో వరసలోకి పోయినాయి. బెల్టు షాపు మొదట్లోనూ ఉంది, మూడోదాంట్లోనూ ఉంది. కుక్కల సంగతి తేలలేదు. వాటికోసం ఇప్పటికీ వాదులాడుకుంటున్నారు.

టైపు చేస్తుంటే ఫోను ఒకసారి "ఉండాది" కింద ఎర్రగీత పెట్టి, ఈ మాట నిఘంటువులో చేర్చమంటారా అని అడిగింది. శివజ్యోతి అవునని నొక్కింది. ఇప్పుడు ఆ ఫోన్లో చేత్తో టైపు చేస్తే "ఉండాది" కింద ఎర్రగీత పడదు. నోటితో చెబితే ఇంకా తడబడుతుంది. నేర్చుకుంటుంది లెండి, ఆఫీసరు కంటే ముందే.

వారం తర్వాత నరసింహ సారు గది గుమ్మంలో నిలబడి తొంగి చూసినాడు. "ఆ మ్యాపులో మా ఇల్లు యాడ ఉండాది?" అని పరమేష్‌ను అడిగినాడు. ఎట్లా గుచ్చాలో వాడు చూపిస్తే, ఆయన ఒక వేలుతో, భయం భయంగా, గుచ్చినాడు. మరుగుదొడ్ల ఫోటోలు మాత్రం ఈ పొద్దుకీ సుచరిత టీచరే తీస్తుంది. అన్నీ ఒకేసారి మారిపోయినాయని చెబితే మీరు నమ్మరు, నేనూ చెప్పను.

ఇది చదివి నవ్వుకుని పక్కన పెట్టకండి. పత్తికొండైనా, ఆదోనైనా, జమ్మలమడుగైనా, మీ ఊర్లో ఒక సర్కారు బడి ఉంటుంది, దాంట్లో ఒక గది ఉంటుంది. ఈ సోమవారం పొద్దున పోండి. మీ పిల్లలు ఆ బడిలో లేకపోయినా పోండి, ఆ గది మన పన్నులతో కట్టిందే. చూపించమని మర్యాదగా, పిల్లలందరూ వినేటట్టు అడగండి. "త్వరలో" అంటే, ఏ రోజు అని అడిగి అక్కడే కూచోండి. తలుపు తెరిచినాక ఫోటో దిగి వచ్చేయకండి. ఒక గంట ఆ గదిలో పిల్లల పక్కన ఉండి, మీరేం చెప్పకుండా, వాళ్లేం అడుగుతారో వినండి.